లాగ్‌లో ముక్కూముఖం తెలియని స్ట్రింగ్‌ను భద్రంగా ముద్రించడం ఎలా?

రూటర్ ఫర్మ్‌వేర్ తనకు కనిపించిన వైఫై పేర్లను లాగ్‌గా, అంటే నడుస్తున్న పని నమోదుగా, సీరియల్ కన్సోల్‌లో ముద్రిస్తుందనుకోండి. పేరు 32 బైట్లకు మించకపోయినా అందులో ఏ విలువైనా ఉండవచ్చు, పైగా దాన్ని పెట్టేది మనం కాదు. అందులో 10 విలువ గల బైటు ఉంటే కొత్త వరుస మొదలై లాగ్‌లో దొంగ సందేశం చేరుతుంది. 27, అంటే ఎస్కేప్ బైటు ఉంటే, దాని వెనుక వచ్చేదాన్ని టెర్మినల్ ఆదేశంగా తీసుకుని తెరనే తుడిచేయవచ్చు.

పేరును ముద్రణకు సిద్ధం చేసే ఫంక్షన్‌ను సీ భాషలో రాద్దాం. ముందుగా దానికి స్ట్రింగ్‌తో పాటు పొడవును కూడా ఇవ్వండి. సున్నా బైటు పేరు మధ్యలోనూ రావచ్చు కనుక, దాన్ని ముగింపుగా నమ్మకూడదు.

తరువాత 32 నుంచి 126 వరకు ఉన్న బైట్లను ఉన్నవున్నట్టు ఉంచి, మిగిలినవాటిని బ్యాక్‌స్లాష్, దాని వెనుక మూడు ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా లెక్కించే) అంకెలుగా రాయండి: 10 అయితే \012, 27 అయితే \033. బ్యాక్‌స్లాష్‌ను మాత్రం రెండుసార్లు రాయాలి. లేకపోతే పేరులో \033 అని నాలుగు అక్షరాలు టైపు చేసినా, నిజంగా ఎస్కేప్ బైటు పెట్టినా లాగ్‌లో ఒకేలా కనిపిస్తాయి. హెక్సాడెసిమల్ (పదహారు ఆధారంగా లెక్కించే) అంకెలు కూడా వాడవచ్చు గానీ, ఆ ముద్రణను సీ కోడ్‌లో అతికిస్తే వెనుక వచ్చే అంకెలను కూడా కంపైలర్ అందులోకే లాక్కుంటుంది. ఆక్టల్ మూడంకెల దగ్గర ఆగిపోతుంది కాబట్టి నా మొగ్గు దానివైపే.

ఎక్కువమంది పొరబడేది బైటు రకం దగ్గర. తెలుగు 'అ' యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో మూడు బైట్లు, ముద్రణలో \340\260\205 కావాలి. సీలో బైటును పట్టే 'క్యార్' (char) రకానికి రుణ విలువలుండే యంత్రంలో మొదటి బైటు 224 కాస్తా -32 అవుతుంది. దాన్ని ఆరు బిట్లు కుడికి జరిపి నేరుగా అంకెగా మారిస్తే సాధారణంగా 3 బదులు '/' వచ్చి, \340 కాస్తా \/40 అవుతుంది. కాబట్టి ప్రతి బైటునూ ముందే రుణ విలువలు లేని 'అన్‌సైన్డ్ క్యార్'గా మార్చుకోండి.

ఒక్కో బైటు నాలుగు అక్షరాల వరకు పెరగవచ్చు కనుక 32 బైట్ల పేరుకు చివరి సున్నాతో కలిపి 129 బైట్ల బఫర్ కావాలి. అంతకంటే చిన్న బఫర్ ఇస్తే, రాయబోయే రూపం మొత్తం పడుతుందో లేదో చూసి, పట్టకపోతే అక్కడే ఆపండి. సగం తెగిన \03 లాగ్ చదివేవారిని తప్పుదోవ పట్టిస్తుంది.

చివరగా, సిద్ధమైన స్ట్రింగ్‌ను సీ ముద్రణ ఫంక్షన్ ప్రింట్‌ఎఫ్‌కు ఫార్మాట్‌గా కాక ఆర్గ్యుమెంట్‌గానే ఇవ్వండి, ఎందుకంటే ఫార్మాట్‌లో ఆదేశంగా పనిచేసే శాతం గుర్తు 37వ విలువ కావడంతో మన వడపోతను దాటి వచ్చేస్తుంది. లినక్స్ కెర్నెల్‌లో పనిచేసేవారికి ఇదంతా రాసే అవసరం లేదు. కెర్నెల్ ముద్రణ ఫంక్షన్ ప్రింట్‌కెలో '%pE' (E పెద్దక్షరమే) ఫార్మాట్ ఉంది. అయితే దానికి పొడవును ఫీల్డ్ విడ్త్‌గా (ఫార్మాట్‌లో వెడల్పు చెప్పే చోట) ఇవ్వడం మరిచిపోతే ఒక్క బైటే ముద్రిస్తుంది.