జూడోలో దీర్ఘకాలం నిలిచే పోటీ జీవితానికి అమ్మాయిలు సిద్ధపడే విధానం

జూడోలో పతకాల వేట మొదలుపెట్టే ముందు మీరు తేల్చుకోవలసినది బరువు విభాగం. సీనియర్ మహిళలకు 48, 52, 57, 63, 70, 78 కిలోలు, ఆపైన 78 కిలోలు దాటినవారికి ఒకటి, మొత్తం 7 విభాగాలు ఉన్నాయి. శరీరం ఇంకా ఎదుగుతున్న వయసులో, కింది విభాగమైతే పతకం సులువన్న ఆశతో కడుపు మాడ్చుకునే అమ్మాయిలను చూస్తే మనసు కలుక్కుమంటుంది. నీళ్లు మానేసి తగ్గించిన బరువుతో తూకం గట్టెక్కవచ్చు గానీ, మూడో బౌట్ నాటికి వేళ్లలో పట్టు సడలుతుంది. ఇదే ఏళ్ల తరబడి సాగితే నెలసరి గాడి తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి. సాధన రోజుల్లో మీ మామూలు బరువు విభాగపు హద్దును ఎప్పుడూ బాగా మించి ఉంటున్నట్లయితే, పై విభాగానికి మారడమే సరైన నిర్ణయమని నా గట్టి నమ్మకం.

బౌట్ 4 నిమిషాలే అయినా, సమంగా ముగిస్తే ఆపై సాగే గోల్డెన్ స్కోరు అనే అదనపు ఆటకు కాలపరిమితి లేదు. అందుకని ఇరవై ఎత్తులు పైపైన నేర్చుకోవడం కన్నా, ఒకే పట్టు నుంచి ముందుకు విసిరేది ఒకటి, వెనక్కు పడవేసేది ఒకటి, ఉదాహరణకు సెయోనాగే (భుజం మీదుగా విసరడం), కోఉచి గారి (కాలిని లోపలి వైపు నుంచి లాగి పడవేయడం), అలసటలోనూ తప్పనంతగా సాధన చేయండి. ప్రత్యర్థిని నేలపై 20 సెకన్లు అదిమి పట్టినా ఇప్పాన్, అంటే బౌట్‌ను అక్కడికక్కడే గెలిపించే పూర్తి స్కోరు, దక్కుతుంది కనుక, విసురు విఫలమైన క్షణంలోనే నేలపోరుకు దిగే అలవాటు చేసుకోండి. మూడు షిడోలు (నియమం తప్పినందుకు వేసే శిక్షలు) పడితే ఓటమే.

ఒలింపిక్స్‌లో ఒక్కో విభాగానికి దేశం నుంచి ఒక్కరికే చోటు ఉంటుంది కాబట్టి, మీ తొలి ప్రత్యర్థి తరచుగా మీతో కలిసి సాధన చేసే అమ్మాయే అవుతుంది. ఆమెతో రాండోరి (స్వేచ్ఛగా తలపడే సాధన) తప్పించుకోకండి.

ఓటమిని ఎలా మోయాలన్నదానికి జపాన్ జూడో క్రీడాకారిణి రియోకో తాని జీవితాన్ని చదవమంటాను. మహిళల జూడో పతక క్రీడగా మారిన 1992 బార్సిలోనాలో ఆమె ఫైనల్‌లో ఓడారు. 1996 అట్లాంటాలో 16 ఏళ్ల ఉత్తర కొరియా అమ్మాయి కే సున్ హుయి చేతిలో మళ్లీ ఫైనల్‌లోనే ఓడారు. ఆ తర్వాతే 2000లోనూ 2004లోనూ స్వర్ణాలు గెలిచారు. మీరు ఓడిన రోజున నిద్రపోయే ముందే, ఏ పట్టు దగ్గర చేయి జారిందో, ఎక్కడ ఊపిరి అందలేదో కాగితంపై రాసి, వారం తర్వాత కోచ్‌తో కలిసి వీడియో చూసి సరిపోల్చండి. వేడి మీద రాసినదానికీ వీడియోలో కనిపించేదానికీ మధ్య ఉన్న తేడా మీకు చాలా నేర్పుతుంది.

మాతృత్వంతో ఈ జీవితం ముగిసిపోనక్కరలేదు. తాని తల్లి అయ్యాక 2007లో ఏడో ప్రపంచ టైటిల్ గెలిచారు. ఫ్రాన్స్‌కు చెందిన క్లారిస్ అగ్బెన్యెనూ 2022 జూన్‌లో బిడ్డను కని, 2023 మేలో దోహాలో ప్రపంచ విజేత అయ్యారు. అయితే వారి గడువును మీ గడువుగా పెట్టుకోకండి. వైద్యుల అనుమతితో కటి, పొత్తికడుపు కండరాలను బలపరచుకుని, ముందు ఉకెమి (దెబ్బ తగలకుండా పడే పద్ధతి), ఆపైన నమ్మకమైన జోడీతో తేలికపాటి రాండోరి మొదలుపెట్టి, తొలి పోటీగా చిన్న టోర్నమెంటునే ఎంచుకోండి.