ఎస్ఎస్‌హెచ్ లాగిన్ ఆగిపోయిందా? ఫైర్‌వాల్‌ని ఆపేయకుండా తప్పు పట్టుకోండి

ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే దూరం నుంచి సర్వర్‌ని భద్రంగా తెరిచే దారిలో, లాగిన్ అవ్వట్లేదని ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒకటే: "స్క్రీన్ మీద ఏముందో ఉన్నదున్నట్టు చదవండి." "ఏదో ఎర్రర్ సార్" అంటే కుదరదు. సగం జవాబు ఆ లైన్‌లోనే ఉంటుంది.

'పర్మిషన్ డినైడ్' వస్తే ఫైర్‌వాల్ (వచ్చే పోయే ప్యాకెట్లని రూల్స్ ప్రకారం వడకట్టే కాపలాదారు) జోలికి వెళ్లకండి. మీరు సర్వర్ దాకా చేరినట్టే, గొడవ కీ దగ్గరో పాస్‌వర్డ్ దగ్గరో ఉంది. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అంటే చాలాసార్లు ఎస్ఎస్‌హెచ్ పోర్టులో (సర్వర్ మీద ఆ సర్వీసుకి కేటాయించిన తలుపు నంబరు) సర్వీసే నడవట్లేదు. 'నో రూట్ టు హోస్ట్' చూసి నెట్‌వర్క్ వాళ్ల మీద పడకండి. సెంట్ఓఎస్ లాంటి వాటిలో ఫైర్‌వాల్ రిజెక్ట్ చేసినా ఈ మాటే వస్తుంది. ఉలుకూ పలుకూ లేకుండా చాలాసేపు ఉండి 'టైమ్డ్ అవుట్' అంటే మాత్రం ప్యాకెట్‌ని ఎక్కడో డ్రాప్ చేస్తున్నారని, అంటే జవాబివ్వకుండా పారేస్తున్నారని అనుమానించాలి.

ఎక్కడో తేల్చడానికి క్లౌడ్ ప్రొవైడర్ ఇచ్చే వెబ్ కన్సోల్‌లోంచి లోపలికి వెళ్లండి. మీ ఎస్ఎస్‌హెచ్ పోర్టు మీద టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లని చూపించే టూల్) నడిపి, బయటి నుంచి మళ్లీ లాగిన్ కొట్టండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష ఇది. ఎందుకంటే లోపలికొచ్చే ప్యాకెట్‌ని టీసీపీడంప్ ఫైర్‌వాల్ కంటే ముందే చూస్తుంది. సిన్ ప్యాకెట్లు (కనెక్షన్ కోసం తట్టే మొదటి ప్యాకెట్లు) వస్తున్నాయి, సిన్-యాక్ జవాబు వెళ్లట్లేదు అంటే ఇంటి దొంగే, అడ్డు సర్వర్ లోపలే ఉంది. అసలు సిన్‌లే రాకపోతే మెషీన్‌లో ఎంత వెతికినా లాభం లేదు, క్లౌడ్ సెక్యూరిటీ గ్రూప్ (మెషీన్ బయట క్లౌడ్ ప్రొవైడర్ పెట్టే ఫైర్‌వాల్) చూడండి. అందులో మీ ఇంటి ఐపీకి మాత్రమే అనుమతి ఉంటే, కరెంటు పోయి రూటర్ మళ్లీ ఆన్ అయ్యాక ఆ ఐపీ మారిపోయి ఉండొచ్చు. "నిన్నటిదాకా పనిచేసింది, నేనేమీ ముట్టుకోలేదు" అనేవాళ్లకి ముందు ఇదే చెప్తాను.

దొంగ ఇంట్లోనే ఉంటే ఐపీటేబుల్స్ (లినక్స్‌లో ఫైర్‌వాల్ రూల్స్ పెట్టే టూల్) ఇన్‌పుట్ చైన్‌ని, అంటే లోపలికొచ్చే ప్యాకెట్ల రూల్స్ జాబితాని, లైన్ నంబర్లతో, ఒక్కో రూల్‌కి ఎన్ని ప్యాకెట్లు తగిలాయో చెప్పే కౌంటర్లతో తెరవండి. లాగిన్ కొట్టిన ప్రతిసారీ ఏ లైన్ కౌంటర్ పెరుగుతోందో చూడండి. ఉదాహరణకి 5వ లైన్‌లో అన్నిటినీ డ్రాప్ చేసే రూల్, 6వ లైన్‌లో మీ ఎస్ఎస్‌హెచ్ పోర్టు 2222కి యాక్సెప్ట్ ఉన్నాయనుకోండి. 6వ లైన్ కౌంటర్ సున్నా దగ్గరే ఉంటుంది. ఐపీటేబుల్స్ రూల్స్‌ని పైనుంచి కిందికి చూస్తూ, సరిపోయిన మొదటి దగ్గరే తీర్పు చెప్పేస్తుంది కాబట్టి మీ యాక్సెప్ట్ దాకా ప్యాకెట్ రానే రాదు. అపెండ్ చేస్తే రూల్ అట్టడుగుకే పోతుంది. ఇన్సర్ట్ ఆప్షన్‌తో 5వ స్థానం అని చెప్పి పెట్టండి. ఐపీటేబుల్స్‌లో ఏమీ కనబడకపోతే ఎన్ఎఫ్‌టేబుల్స్ (ఐపీటేబుల్స్ తర్వాత వచ్చిన కొత్త టూల్) రూల్‌సెట్ కూడా చూడాలి.

ఫెయిల్‌టుబ్యాన్ (పదేపదే తప్పు లాగిన్ కొట్టే ఐపీని అడ్డుకునే టూల్) ఉన్న సర్వర్లలో డిఫాల్ట్‌గా 5 సార్లు పాస్‌వర్డ్ తప్పు కొడితే 10 నిమిషాలు బ్యాన్. అప్పుడూ 'రెఫ్యూజ్డ్' అనే రావచ్చు, సర్వీస్ నిక్షేపంలా నడుస్తున్నా సరే. టీ తాగి రండి, లేదా కన్సోల్‌లోంచి మీ ఐపీని అన్‌బ్యాన్ చేయండి.

విసుగొచ్చి రూల్స్ అన్నీ ఫ్లష్ చేసేవాళ్లు, అంటే ఒక్కసారిగా తుడిచేసేవాళ్లు ఉంటారు. డిఫాల్ట్ పాలసీ (ఏ రూల్‌కీ సరిపోని ప్యాకెట్‌కి ఇచ్చే తీర్పు) డ్రాప్‌లో ఉంటే యాక్సెప్ట్‌లన్నీ పోయి డ్రాప్ ఒక్కటే మిగులుతుంది, ఉన్న సెషన్ కూడా తెగుతుంది. ఫ్లష్ తప్పదనుకుంటే ముందు పాలసీని యాక్సెప్ట్‌కి మార్చండి. రూల్ మార్చాక తెరిచున్న సెషన్ మూయకుండా వేరే టెర్మినల్‌లో కొత్తగా లాగిన్ అయి చూడండి. పాత సెషన్ నడుస్తోందంటే కొత్తది వస్తుందని కాదు, పాతదాన్ని ఎస్టాబ్లిష్డ్ రూల్ (ఇప్పటికే తెరిచిన కనెక్షన్లని వదిలేసే రూల్) కాపాడుతూ ఉండొచ్చు.

పనిచేశాక సేవ్ చేయండి, లేకపోతే రీబూట్‌తో ఐపీటేబుల్స్ రూల్ మాయం. ఫైర్‌వాల్‌డీ అనే ఫైర్‌వాల్ టూల్‌లో అయితే పర్మనెంట్ ఆప్షన్ ఇచ్చి రీలోడ్ చేయాలి. యూఎఫ్‌డబ్ల్యూ అనే తేలికైన ఫైర్‌వాల్ టూల్ వాడేవాళ్లకి ఈ టెన్షన్ లేదు, రూల్స్ అదే దాచుకుంటుంది. కాకపోతే దాన్ని ఎనేబుల్ చేసే ముందే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌ని (సర్వర్‌లో నడిచే ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రామ్) అలౌ చేసేయండి.