ఆలుగడ్డలు నాటే ముందు: స్కాబ్ రాకుండా జాగ్రత్తలు

తొక్క మీద గరుకుగా, బెరడు కట్టినట్టు మచ్చలు లేస్తే అది స్కాబ్. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. మచ్చ పడ్డాక చేసేదేమీ ఉండదు కాబట్టి అక్టోబర్, నవంబర్‌లలో గడ్డలు నాటే ముందే ఇవి చూసుకోండి.

- విత్తన గడ్డ నున్నగా ఉండాలి. ఒక్క మచ్చ కనిపించినా పక్కన పెట్టేయండి.

- బూడిద, సున్నం, గుడ్డు పెంకుల పొడి ఈ మడిలో వద్దు. పొటాష్ కోసమని బూడిద చల్లే అలవాటు మనకుంది, కానీ అది మట్టి పీహెచ్‌ను (ఆమ్ల గుణం చెప్పే కొలత, ఇది పెరిగితే ఆమ్లత్వం తగ్గినట్టు) పెంచుతుంది. పీహెచ్ 5.2 లోపు ఉంటే ఈ స్కాబ్ బాగా తగ్గుతుంది.

- పచ్చి పేడ వేయొద్దు. బాగా మాగిన ఎరువే వాడండి.

- ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్ తీసిన చోట నాటొద్దు. వాటికీ ఇది సోకుతుంది. అదే మడిలో మళ్లీ ఆలు వేయాలంటే మూడు నాలుగేళ్లు ఆగడం మంచిది.

- అన్నిటికంటే ముఖ్యం నీళ్లు. నాటక ముందే వాటి ఏర్పాటు చూసుకోండి. గడ్డ ఊరడం మొదలైనప్పటి నుంచి నాలుగైదు వారాలు మట్టి ఆరకూడదు, ఎందుకంటే తెగులు లేత గడ్డకే పడుతుంది. మొక్క మొదట్లో వేలు గుచ్చి చూడండి, లోపల చెమ్మ తగలాలి. ఇసుక నేలైతే త్వరగా ఆరుతుంది, ఎండుగడ్డి పరవండి. అలాగని నీళ్లు నిలవనిస్తే గడ్డ కుళ్లుతుంది.

ఇంత చేసినా కొన్నిటికి మచ్చలు వస్తే తొక్క తీసి వండుకోవచ్చు. విత్తనానికి మాత్రం దాచొద్దు.