క్రిటాలో బ్రష్‌లు, ఫైళ్లు సర్దుకోవడం ఎలా: కోనసీమ బొమ్మలు వేసేవాళ్లకి

కంప్యూటర్‌లో బొమ్మలు వేసే క్రిటా సాఫ్ట్‌వేర్ ఉచితం, నెట్‌లో దొరికే బ్రష్ ప్యాకుల్లో చాలావరకు ఉచితమే, దాంతో కనిపించినవన్నీ దింపేసుకుంటాం. తీరా గోదావరి లంకలో కొబ్బరితోట వేద్దామని కూర్చుంటే ఆకుల బ్రష్ ఎక్కడుందో తెలీక టెన్షన్. బ్రష్‌లన్నీ ప్యాక్ పేర్లతోనే పడి ఉండటం వల్ల వచ్చే చిక్కిది. మీరు గీసే పనిని బట్టి వాటిని విడదీయండి.

దానికి ట్యాగ్‌లున్నాయి, అంటే బ్రష్‌లకి తగిలించే గుంపు పేర్లు. బ్రష్ ప్రిసెట్స్ డాకర్‌లో (సేవ్ చేసిన బ్రష్‌లన్నీ కనిపించే పలకలో) కొత్త ట్యాగ్ చేసి, బ్రష్ మీద రైట్ క్లిక్ కొట్టి అందులోకి చేర్చాలి. నా ట్యాగ్‌లు ఇవి: నీళ్లు, ఆకులు, గట్లు, మబ్బులు, గీతలు. ఒకే బ్రష్‌ని రెండు మూడు ట్యాగ్‌లలో పెట్టినా కాపీలేమీ తయారవవు, కాబట్టి కాలువ నిండా పరుచుకున్న గుర్రపుడెక్క వేసే బ్రష్ నాకు నీళ్లలోనూ ఉంటుంది, ఆకుల్లోనూ ఉంటుంది. కాన్వాస్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే గుండ్రటి పాలెట్‌లో, ఎంచుకున్న ట్యాగ్‌లోంచి మామూలుగా పది బ్రష్‌లే కనిపిస్తాయి. సెట్టింగ్స్‌లో పెంచుకోవచ్చు గానీ పెంచకండి, ట్యాగ్‌కి పది చాలు.

వాడనివి తీసెయ్యడానికి భయపడొద్దు. క్రిటా 5 నుంచి బ్రష్‌ని డిలీట్ చేసినా డిస్క్ మీద ఫైల్ అలాగే ఉంటుంది, జాబితాలోంచి మాత్రమే పోతుంది. మేనేజ్ రిసోర్సెస్‌లోకి వెళ్లి వెనక్కి తెచ్చుకోవచ్చు.

సొంత బ్రష్ చేస్తే పేరు దగ్గర బద్ధకించకండి. ఉదాహరణకి కొబ్బరి మట్ట. సన్నటి ఆకు ఆకారాన్ని టిప్‌గా (బ్రష్ వేసే అచ్చుగా) పెట్టి, రొటేషన్‌లో డ్రాయింగ్ యాంగిల్ ఆన్ చేస్తే చెయ్యి ఎటు వంగితే ఆకు అటే తిరుగుతుంది, స్పేసింగ్ (అచ్చుకీ అచ్చుకీ మధ్య ఎడం) కాస్త పెంచితే ఆకుల మధ్య వెలుతురు కనిపిస్తుంది. దీన్ని ‘కొబ్బరి మట్ట - దగ్గర’ అని సేవ్ చేసి, ఆ తర్వాత స్పేసింగ్ తగ్గించి ‘కొబ్బరి మట్ట - దూరం’ అని ఇంకోటి చేయండి. రెండోదాన్ని కొత్త ప్రిసెట్‌గానే సేవ్ చేయాలి, ఓవర్‌రైట్ నొక్కితే మొదటిది పోతుంది.

ఫైళ్లకి ఊరు, విషయం, తేదీ: ‘యానాం-గౌతమి-2025-01-14’. ఏడాది ముందు రాస్తే, ఒక ఊళ్లో ఒకే విషయం మీద వేసిన బొమ్మలు పేరు వరసలో తేదీల ప్రకారమే వస్తాయి. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’ లాంటి పేర్లు దయచేసి వద్దు. పెద్ద మార్పు చేసే ముందు కంట్రోల్, ఆల్ట్, ఎస్ కలిపి నొక్కితే క్రిటాయే చివర అంకె వేసి కొత్త వెర్షన్ సేవ్ చేస్తుంది, పాతది చెక్కుచెదరదు. బొమ్మకో ఫోల్డర్ పెట్టి, ఒడ్డున తీసిన ఫోటోలు, కె.ఆర్.ఎ ఫైళ్లు (క్రిటా సొంత ఫైళ్లు), బయటికి పంపే పి.ఎన్.జి అన్నీ అందులోనే వేయండి. పి.ఎన్.జి ఒక్కటే మిగిల్చుకుంటే లేయర్లు, అంటే బొమ్మలోని పొరలు పోయినట్టే.

ఇక బ్యాకప్. మీ బ్రష్‌లన్నీ బండిల్‌గా (అన్నీ కలిపిన ఒకే ఫైల్‌గా) కట్టండి, ప్రిసెట్‌లతో పాటు వాటి టిప్‌లు, ప్యాటర్న్‌లు కూడా ఎంచుకోవడం మరవొద్దు. దాంతోపాటు క్రిటా మూసేసి రిసోర్స్ ఫోల్డర్ (క్రిటా బ్రష్‌లు దాచుకునే ఫోల్డర్) మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, ట్యాగ్‌ల లెక్క కూడా అక్కడే ఉంటుంది. తుఫాను కబురు వినగానే ముందు ఈ పని చేసెయ్యండి, ఆ తర్వాత కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం.