కిటికీ చుట్టూ ఉన్న ఆ వేలెడు సందు ఎవరిది?

తిరుపతిలో కిటికీలు మార్పించేది ఎండాకాలంలో, ఆ పని బండారం బయటపడేది కార్తీకంలో. అక్టోబరు నుంచి డిసెంబరు లోపు వాయుగుండం పట్టిందంటే వాన నిలువుగా పడదు, ఈశాన్యం గాలితో గోడకేసి కొడుతుంది. 2021 నవంబరు వానలు చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

మా తూర్పు గదికి పాత చెక్క కిటికీ పీకించి మే నెలలో యూపీవీసీది (గట్టి ప్లాస్టిక్ ఫ్రేముది) పెట్టించాను. నవంబరులో రెండు రోజుల ముసురుకే కిటికీ కింద అరచేయంత నెమ్ము మచ్చ కనిపించింది, వారం తిరిగేసరికి పుట్టీ ఉబ్బి పెచ్చులు రాలింది. కిటికీవాళ్లకి ఫోన్ చేస్తే "మా ఫ్రేమ్‌లోంచి చుక్క రాదు సార్, మీ మేస్త్రిని అడగండి" అన్నారు. మేస్త్రినడిగితే "పూత బాగానే పూసినా సార్, తప్పు కిటికీవాళ్లదే" అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, అదే తమాషా. ఫ్రేముకీ గోడకీ మధ్య సందు ఇద్దరి లెక్కలోనూ లేదు. పక్క పూత కొట్టించి చూస్తే లోపల ఇటుక ముక్కలు, మడిచి కుక్కిన సిమెంటు సంచి, దాని మీద అరంగుళం మాలు. సంచి ముక్క బయటికి లాగితే ఇంకా తడిగానే ఉంది.

కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందే ఆ సందు ఎవరిదో తేల్చండి. సందు నింపడం, సీలెంటు (నీళ్లు దూరకుండా అంచున వేసే జిగురు) వేయడం, కిటికీ కింద పరిచే రాయికి వాలు ఇవ్వడం, చివర్లో నీళ్లు కొట్టి చూపించడం, ఇవన్నీ ఫలానావాళ్ల పని అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి 'సరే' అనిపించుకోండి. మాట మీద వదిలేస్తే నాకు పట్టిన గతే.

అన్నిటికంటే ఎక్కువ మోసం కింద రాయి దగ్గరే జరుగుతుంది. మన వైపు గ్రానైట్‌కి కొరత లేదు, రాయి అందరూ వేస్తారు, కానీ రసమట్టం పెట్టి సమానంగా వేసేసి అదే గొప్ప పనితనం అనుకుంటారు. ఆ రాయి బయటికి వాలి ఉండాలి, అడుగు వెడల్పుకి అంగుళం దాకా ఉన్నా ఎక్కువేం కాదు. గోడ దాటి రెండంగుళాలు ముందుకి రావాలి, అడుగున ముందు అంచు దగ్గర గ్రైండర్‌తో ఒక గాడి కోయించాలి, లేకపోతే నీళ్లు కారిపోకుండా రాయి అడుగునే పాకుతూ మళ్లీ గోడలోకి వస్తాయి. సజ్జ కింద కూడా ఇలాంటి గాడే ఉండాలి. రాయి పరిచేముందు ఆ చోట, పక్క గోడల మీద వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండుసార్లు పూయించండి. "ముప్పై ఏళ్లుగా ఇట్లే కడతాండాం సార్" అంటాడు మేస్త్రి. వాదించొద్దు. రాయి మీద చెంబుడు నీళ్లు పొయ్యమనండి, ఎటు పోతాయో ఆయనే చూస్తాడు.

సందులో ఫోమ్ (డబ్బాలోంచి కొడితే ఉబ్బి గట్టిపడే నురుగు) కొడితే చాలనేవాళ్లూ ఉన్నారు. ఫోమ్ సందుని నింపుతుంది, అంతే, వాన నీటిని ఆపే పని దానిది కాదు, పైగా ఎండ తగిలితే పొడిపొడి అవుతుంది. బయటి వైపు సిలికాన్ సీలెంటు తప్పనిసరి, అదీ దుమ్ము తుడిచిన పొడి గోడ మీదే వేయాలి. పూత పచ్చిగా ఉండగానే మధ్యాహ్నం బస్సుకి పోవాలని ట్యూబు పిండేసి పోతే ఏడాది తిరక్కుండా ఊడి వస్తుంది. మామూలు సిలికాన్ మీద పెయింటు పట్టదు, రంగు ముందే చూసి తెప్పించుకోండి. ఇంకొకటి, స్లైడింగ్ కిటికీ పట్టాకి బయటివైపు నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటినీ మాలుతో మూసేసే మహానుభావులున్నారు.

పూత పడకముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి, పూత పడ్డాక లోపలేముందో దేవుడికే తెలుసు. కూలీలో పదో వంతైనా ఆపి ఉంచండి. లోపల పుట్టీ వేయకముందే బయట నుంచి పైపుతో నీళ్లు పట్టండి, ముందు కింద, తర్వాత పక్కలు, చివర్లో పైన, ఒక్కోచోట పది పదిహేను నిమిషాలు. అలా కింద నుంచి పైకి పోతేనే ఎక్కడ కారుతోందో దొరుకుతుంది. లోపల చెయ్యి పెట్టి చూసుకుని, మర్నాడు ఇంకోసారి చూసి, ఆ తర్వాతే మిగతా డబ్బు.

డబ్బు మొత్తం ఇచ్చేశాక కారితే ఫోటోలతో సహా, గడువు పెట్టి, రాతపూర్వకంగా అడగండి. పలక్కపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయొచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. నేను అంత దూరం పోలేదు, వేరే మేస్త్రిని పెట్టి సందు మొత్తం తవ్వించి మళ్లీ చేయించుకున్నాను. ఆయన "గోడ ఆరేదాకా పుట్టీ ముట్టుకోవద్దు" అన్నాడు. మా గోడ ఆరేసరికి సంక్రాంతి దాటింది.