తాతగారి రివాల్వర్ ఏ కాలం నాటిదో తెలుసుకోవడం ఎలా

ట్రంకుపెట్టె అడుగున పాత పంచెలో చుట్టిన రివాల్వర్ దొరికితే ముందు సెల్ఫీ మానండి. ఎన్నేళ్ల నాటిదైనా లోపల తూటాలున్నాయనే అనుకోవాలి. లైసెన్స్ తాతగారి పేరున ఉండి ఆయన పోయారంటే, ఆయుధాల చట్టం 1959 ప్రకారం అది మీ దగ్గర ఉంచుకోవడానికి వీల్లేదు, ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్లోనో లైసెన్స్ ఉన్న తుపాకుల డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. సంచిలో వేసుకుని బస్సెక్కేయకండి, ముందు స్టేషన్‌కి ఫోన్ చేసి ఎలా తేవాలో అడగండి.

పాత లైసెన్స్ బుక్కు మాత్రం ఇల్లంతా వెతకండి. కంపెనీ, బోరు (అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో), నంబరు అందులోనే ఉంటాయి, సగం పని అయిపోయినట్టే.

మిగతా సగం డీలర్ దగ్గర. ఆయన్నే తెరిచి ఖాళీ చేయమనండి, మీరు భూతద్దం, టార్చి పట్టుకెళ్లండి. టార్చి ఏటవాలుగా వేస్తే అరిగిపోయిన ముద్రలు కూడా లేచి కనిపిస్తాయి. మన ఇళ్లలో బయటపడేవాటిలో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ కంపెనీ చేసిన రివాల్వర్లు ఉంటాయి కాబట్టి దాని సంగతే చెప్తాను. మధ్యలో విరిచినట్టు తెరుచుకుని, గొట్టం కిందికి వంగుతుంది. పేరు 'పి. వెబ్లీ అండ్ సన్' అని ఉంటే దాదాపు 1897కి ముందుది, ఆ ఏడాదే స్కాట్ కంపెనీతో కలిసింది. పిడి అడుగు పక్షి ముక్కులా వంపు తిరగకుండా చదరంగా ఉండి .455 బోరైతే 1915లో వచ్చిన వెబ్లీ మార్క్ 6 మోడల్ కావచ్చు. 'వార్ ఫినిష్' అని కొట్టి ఉంటే రెండో ప్రపంచయుద్ధం నాటి .38, నునుపు సరిగా లేకపోవడానికి కంపెనీ ముందే చెప్పుకున్న సంజాయిషీ అన్నమాట. కుడివైపు కిరీటం, ఎన్‌ఫీల్డ్ (బ్రిటిష్ సర్కారు తుపాకుల ఫ్యాక్టరీ) అన్న పేరు, కింద సంవత్సరం కనిపిస్తే మీ అదృష్టం, లెక్కలే అక్కర్లేదు.

నాకు అన్నిటికంటే నమ్మకమైనవి ప్రూఫ్ ముద్రలు, అంటే పేల్చినా తుపాకీ తట్టుకుంటుందని పరీక్షించి కొట్టేవి. సిలిండర్ మీద కిరీటం కింద 'ఎన్‌పీ' అక్షరాలుంటే 1904కి ముందుది కాదనుకోవచ్చు, ఆ ఏడాది నుంచే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ఆ ముద్ర వేయడం మొదలుపెట్టింది. మా పెదనాన్న 'ఇది 1857 గొడవల్లో దొర ఇచ్చింది' అని ప్రతి పండక్కీ చెప్పేవారు, చిటికెన వేలి గోరంత లేని ఆ రెండక్షరాలు చూశాక ఆ కథ ఆపేశారు. బాణం గుర్తు ఒకటే ఉంటే అప్పటి బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి, రెండు బాణాలు మొనలు ఎదురెదురుగా ఉంటే సర్కారు అమ్మేసిన సరుకు.

తుప్పు ఉందని ఇత్తడి చెంబులా చింతపండుతోనో ఉప్పుకాగితంతోనో రుద్దేరు సుమా! ముద్రలు పోతాయి, పాతదనపు విలువా పోతుంది. మెత్తటి గుడ్డ, కొంచెం నూనె చాలు, అదీ డీలర్‌నే చేయమనండి.

ఏ కాలం నాటిదో తేలాక బోరు మళ్లీ చూడండి, ఇంట్లో ఉంచుకోవాలనుంటే అసలు ప్రశ్న అదే. .32 అయితే వారసుడిగా కలెక్టర్‌కి, కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్‌కి లైసెన్స్ దరఖాస్తు పెట్టుకోవచ్చు. .455, .380 (పైన చెప్పిన .38 ఇదే) నిషేధిత బోర్లు, ఆ ఫైలు ఢిల్లీ హోం శాఖ దాకా వెళ్లాలి.