వాయుగుండాల నెలలు రాకముందే యాప్ లాగిన్ సరిచూసుకోండి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు తీరంలో రొయ్యల రైతుకు కంటిమీద కునుకుండదు. వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, కౌంట్ (కిలోకి తూగే రొయ్యల లెక్క) రాకపోయినా పట్టుబడికి దిగాలా, ఇంకో వారం ఆగాలా అని ఫోన్‌లో రేట్లు చూస్తూ కూర్చుంటారు. ఆ రేట్లు చూపించే చిన్న యాప్ మాది. పోయిన సీజన్‌లో సరిగ్గా ఆ రోజుల్లోనే, మొదటిసారి గూగుల్ లాగిన్ పెట్టి అప్‌డేట్ వదిలాం. సాయంత్రానికి ఇందుకూరుపేట వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశారు. "అబ్బయా, గూగుల్ బొమ్మ నొక్కితే చాలు, మూసుకుపోతా ఉంది!" మా బల్ల మీది ఫోన్లలో మాత్రం ఏ తేడా లేదు.

కారణం యాప్ మీది డిజిటల్ సంతకం. మనం అప్‌లోడ్ చేసిన యాప్‌ని ప్లే స్టోర్ తన దగ్గరున్న కీతో మళ్లీ సంతకం చేసి జనానికి ఇస్తుంది. ఆ కీ తాలూకు షా-1 వేలిముద్రను (ఆ కీని గుర్తుపట్టే అంకెల వరసను) ఫైర్‌బేస్‌లో, అంటే లాగిన్ నడిపే గూగుల్ సేవలో చేర్చకపోతే, స్టోర్ నుంచి దించుకున్నవాళ్లకి మాత్రమే లాగిన్‌లో ఎర్రర్ వస్తుంది. దాన్ని కోడ్‌లో పట్టుకోకపోతే యాప్ కూలిపోతుంది. మేం రెండు తప్పులూ చేశాం. మీరూ యాప్ చేసేవాళ్లయితే, ప్లే కన్సోల్‌లో (యాప్‌ని స్టోర్‌కి ఎక్కించే చోట) యాప్ సైనింగ్ పేజీ తెరిచి ఆ వేలిముద్రను ఈరోజే కాపీ చేసుకోండి. పరీక్ష కూడా ఇంటర్నల్ టెస్టింగ్ (మన మనుషులకే ముందుగా ఇచ్చే పద్ధతి) ద్వారా స్టోర్ నుంచి దించిన యాప్‌తోనే చేయండి. మన బల్ల మీద పరీక్షకు కట్టుకునే డీబగ్ బిల్డ్‌లో ఆర్8 అనే పనిముట్టు మామూలుగా కోడ్‌ని కుదించదు కాబట్టి, ఆ కుదింపు వల్ల వచ్చే క్రాష్‌లు కూడా అందులో బయటపడవు.

ఫేస్‌బుక్, ఆపిల్ లాగిన్‌లు పెట్టినా చిక్కులున్నాయి. ఫేస్‌బుక్ ఖాతాను ఫోన్ నంబరుతో తెరిచినవాళ్లకి మెయిల్ ఉండకపోవచ్చు. ఆపిల్ లాగిన్ పేరును మొదటిసారి మాత్రమే ఇస్తుంది. పేరు, మెయిల్ గడులు ఖాళీగా వచ్చినా యాప్ నిలబడాలి. ఐఫోన్‌లో గూగుల్ లాగిన్‌కి ఇవ్వాల్సిన యూఆర్ఎల్ స్కీమ్ (లాగిన్ అయ్యాక తిరిగి మన యాప్‌కి దారి చూపే చిరునామా) మరిచిపోతే బటన్ నొక్కగానే క్రాషే.

చెరువు గట్టు మీద ఉండేవి ఎక్కువగా పాత, తక్కువ ర్యామ్ ఫోన్లు. లాగిన్ పేజీ తెరుచుకునేలోపు వెనకున్న మన యాప్‌ని ఆండ్రాయిడ్ ఒక్కోసారి తీసేస్తుంది. తిరిగొచ్చేసరికి ఏ బటన్ నొక్కారో కూడా దానికి గుర్తుండదు. ఫోన్ సెట్టింగ్స్‌లోని డెవలపర్ ఆప్షన్స్‌లో 'డోంట్ కీప్ యాక్టివిటీస్' (వదిలిన స్క్రీన్‌ని వెంటనే తీసేసే అమరిక) ఆన్ చేసి లాగిన్ అయి చూడండి, దాదాపు అదే పరిస్థితి కళ్లకు కడుతుంది. ఈ ఒక్క పరీక్షని మాత్రం దయచేసి వదలకండి.

అప్‌డేట్‌ని ముందు కొద్దిమందికే వదలండి. క్రాష్‌లు పెరిగితే అక్కడే ఆపేయొచ్చు. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిన రోజున అసలు వదలొద్దు. ఇక రేట్లు చూడడానికి లాగిన్ ఎందుకు? మా యాప్‌లో ఆ పేజీకి ఈ నెలే లాగిన్ తీసేశాం.